రంగం నుంచి వచ్చిన కబురు

నలభై ఏళ్ళు చైనా గురించి రాశాను. నా జోస్యాల్లో సగం తప్పాయి, నెగ్గిన సగం నేను చెప్పానని జరగలేదు. అయినా విదేశీ వ్యవహారాల మీద ఎక్కడ సభ పెట్టినా నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, చైనా అనే మాట వచ్చినప్పుడల్లా నా వైపు చూస్తారు. "ఈ ఆసక్తి మీకు ఏ యూనివర్సిటీలో కలిగిందండీ?" అని కుర్ర విలేకరులు అడుగుతారు. శ్రీకాకుళంలో చేపల తట్ట పక్కన అంటే వేళాకోళం అనుకుంటారు. అందుకని ఇన్నాళ్ళూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు ఉద్యోగం లేదు, తప్పించుకోవలసిన అవసరమూ లేదు.

అరవైల చివర్లో నేను శ్రీకాకుళంలో ఒక తెలుగు దినపత్రికకు విలేకరిని. మా నాన్నది బొబ్బిలి పక్క పల్లెలో వరి సేద్యం. శ్రీకాకుళంలో నేనొక వీధి గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి, దానికి ఒక అరుగు ఉండేది. నా ఆస్తి మొత్తం ఒక షార్ట్‌వేవ్ రేడియో. దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి, పెంకుల మీద నుంచి తీగ లాగాలి, గాలివాన వచ్చినప్పుడల్లా ఆ తీగ తెగితే మళ్ళీ ఎక్కి కట్టాలి. సాయంకాలం పూట రేడియోను అరుగు మీద పెట్టుకుని లండనో, మాస్కోనో, పెకింగో, రంగూనో, ఏది తగిలితే అది వినేవాణ్ణి. విన్నదంతా కలిపి వారానికోసారి అంతర్జాతీయ రాజకీయాల మీద ఒక వ్యాసం పంపేవాణ్ణి. జిల్లాలో మిగతా విలేకరులంతా పార్వతీపురం ఏజెన్సీ వైపు పరుగులు తీస్తున్న రోజులవి. కొండల్లో గొడవలు మొదలవుతున్నాయి. నేనొక్కణ్ణే చైనా చైనా అంటూ అరుగు పట్టుకుని కూర్చున్నాను. మా నాన్న ఒకసారి వచ్చి చూసి, "సైనావోడికీ మనకీ ఏటి సమ్మందంరా? మనూర్లో వాన పడనేదని రాయొచ్చు గదా" అని విసుక్కుని, భోజనం కూడా చెయ్యకుండా మధ్యాహ్నం బస్సెక్కాడు.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడది కళింగపట్నం దగ్గర ఒక జాలరి పల్లె. వీధి మొత్తం ఆవిడను అప్ప, అంటే అక్క, అనేది, నేనూ అలాగే అనేవాణ్ణి. పొద్దున బస్సులో నిండు తట్టతో దిగి, చేపలన్నీ అమ్ముకుని, సాయంత్రం తిరుగు బస్సు వచ్చేదాకా మా అరుగు మీద నడుం వాల్చేది. నా రేడియో పాటలు పాడదని ఆవిడకు కోపం. "పాటొకటీ నేదు, పద్దెమొకటీ నేదు. ఎప్పుడు సూసినా ఆ గొణుగుడేటి బాబూ?" అని తిట్టేది. ఆ గొణుగుడులో కొంత రంగూన్‌దని తెలిసిన రోజు నుంచి తిట్లు ఆపేసి, చెవి అటు పారేసి పడుకునేది.

రంగూన్‌ను మా వైపు రంగం అంటారు. శ్రీకాకుళం జిల్లాలో రంగానికి మనిషిని పంపని పల్లె ఆ రోజుల్లో వెతికినా దొరకదు. అక్కడి రేవులో మూటలు మోసి, బియ్యం మిల్లుల్లో పని చేసి బతికినవాళ్ళే అంతా. అప్ప కొడుకూ అలా వెళ్ళినవాడే. బర్మా ప్రభుత్వం మనవాళ్ళకు బతుకు లేకుండా చేశాక, కాందిశీకుల ఓడలో విశాఖపట్నంలో దిగాడు. ఒక్కడే దిగలేదు. పక్కన పెళ్ళాం ఉంది. ఆ పిల్ల చైనాపిల్ల.

చైనాతో యుద్ధం ముగిసి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. చెవుల దిద్దులు తీసి రక్షణ నిధికి ఇచ్చిన ఆడవాళ్ళు మా ఊళ్ళలో ఇంకా బోసి చెవులతోనే తిరుగుతున్నారు. అలాంటి సమయంలో జాలరి పల్లెకు చైనా కోడలు వచ్చిందంటే చుట్టుపక్కల ముక్కు మీద వేలేసుకోనివాళ్ళు లేరు. అప్పను ఈ మాట అడిగితే ఆవిడ నన్నే ఎదురు అడిగింది. "ఓడలో కక్కుకుంటా వొచ్చిన ఆడగుంటని నీదే దేసమే అని అడగమంతావేటి బాబూ? గంజి పోసి తొంగోబెట్టినాను."

కోడలు పుట్టింది రంగంలోనే. తాతల కాలంలో ఎప్పుడో దక్షిణ చైనా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. చైనాను ఆవిడ కంటితో చూడలేదు. అయినా కాగితాల ప్రకారం విదేశీయురాలు, అందులోనూ చైనా జాతి. నెలనెలా శ్రీకాకుళం పోలీసు స్టేషనుకు వచ్చి కనపడాలి, జిల్లా పొలిమేర దాటకూడదు. వచ్చిన రోజున అత్తతో పాటు మా అరుగు మీద కూర్చునేది. పొట్టిగా, బక్కపలచగా, అత్త చీరలు అత్తలాగే కట్టుకుని ఉండేది. రేవు కూలీల దగ్గర తెలుగు నేర్చుకుంది కనక ఆవిడ తెలుగు అచ్చం మా శ్రీకాకుళం తెలుగు. తెలుగుకు ఇంకో రూపం ఉంటుందనే ఆవిడకు తెలియదు. నేను పత్రికలో రాసినట్టు ఏదైనా మాట్లాడితే చెంగు అడ్డం పెట్టుకుని, "బాబు సదువుతన్నాడు అత్తా" అని నవ్వేది. నాకు ఆ పిల్ల నవ్వు బాగుండేది. అంత దూరం నుంచి వచ్చి అంత త్వరగా నవ్వగలగడం నాకు ఆశ్చర్యంగా ఉండేది.

ఆ ఏడాది తొలకరి రోజుల్లో రంగూన్‌లో చైనావాళ్ళ మీద అల్లర్లు రేగాయి. దుకాణాలు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. టెలిప్రింటర్ మీద వచ్చింది నాలుగు ముక్కలే. పత్రిక డెస్కులో కూర్చున్నవాళ్ళకు నాలుగు ముక్కలు ఎప్పుడూ చాలవు. తర్వాత నేనూ ఆ కుర్చీల్లో కూర్చున్నాను కాబట్టి ఆ ఆకలి సంగతి నాకు తెలుసు. రంగూన్ చైనాపేట బూడిద అని అడ్డంగా పెద్ద శీర్షిక పెట్టేశారు. పేట మొత్తం కాలిందని కింద వార్తలో ఎక్కడా లేదు. కానీ శీర్షిక కింద ఉన్నది చదివే ఓపిక ఎవరికుంటుంది? ఆ పేపరును కళింగపట్నంలో ఒక టీకొట్టు దగ్గర ఎవరో పైకి చదివారు. మధ్యాహ్నానికల్లా ఆ మాట జాలరి పల్లెకు నడిచివెళ్ళింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. దూరాన ఉన్న దగ్గరి మనిషి పోయారని కబురు అందితే, ఆ మాట చెవిన పడ్డచోటే, కట్టుబట్టలతోనే, జుట్టు విరబోసుకుని తల తడుపుకోవాలి. నుయ్యో, చెరువో, సముద్రమో, ఏది దగ్గరుంటే అది. విని కూడా స్నానం చెయ్యకపోతే మైల ఇంటిని వదలదని, పోయినవాళ్ళకు దారి దొరకదని నమ్మకం. ఆ పల్లెలో ఈ పట్టింపు మరీ ఎక్కువ. మైల తీరని ఇంటి మగవాడు అలివి వల ముట్టకూడదు. ఊరంతా ఒడ్డున నిలబడి కలిసి లాగే పెద్ద వల అది. అతను ముట్టుకుంటే ఊరందరి నోటి దగ్గర కూడు పోతుందని భయం.

పేపర్లో పడ్డదీ కబురే కదా అనుకున్నారు వాళ్ళు. కోడలి తల్లి ఆ చైనాపేటలోనే ఉంటుంది, రేవు గేటు దగ్గర టీకొట్టు నడుపుతుంది, ముసలావిడ. పేట బూడిద అయితే ఆవిడా అయినట్టే. ఇరుగమ్మలు పొరుగమ్మలు బిందెలతో నీళ్ళు తెచ్చి వాకిట్లో పెట్టి, తాము ఎన్నడూ చూడని చైనా ముసలావిడ కోసం గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టారు. అచ్చులో పడ్డ ఒక్క ముక్కను నమ్మి ఇంత ప్రేమగా పొరపాటు పడటం మా వాళ్ళకే చేతనవును. కోడలు ఒక్క క్షణం వాళ్ళను తేరిపార చూసిందట. సంగతి అర్థమయ్యాక బిందెను కాలితో తోసేసి, "మా యమ్మ సచ్చిపోనేదు. నాను తానం సెయ్యను" అని లోపలికి వెళ్ళి తడిక వేసుకుంది.

ఇదంతా నాకు అప్ప చెప్పింది. మర్నాడు పొద్దున్నే వచ్చింది, చేతిలో తట్ట లేదు. అరుగు మీద కూలబడి, ఆయాసం తీరకముందే అడిగింది.

"పేపర్లో నువ్వేనా రాసినావు?"

"నేను కాదు అప్పా, డెస్కులో రాశారు."

"మరైతే అది నిజమా, అబద్దమా?"

కొంత నిజం, ఎంతో తెలియదు అన్నాను. పాడైన చేపను చూసినట్టు నా వైపు చూసింది.

"ఇను బాబూ. ముందు నానే తానం సెయ్యవే అని కేకలేసినాను. అదేటన్నాదో తెల్సా? 'నాను తల మీద నీల్లోసుకుంటే మా యమ్మని నానే సంపీసినట్టు గదా అత్తా' అన్నాది. నానేటి సెప్తాను దానికి? నా కొడుకుని వల ముట్టొద్దన్నారు, ఆడు ఒడ్డు మీద కూకుని సంద్రం కేసి సూస్తన్నాడు. అది కూడు ముట్టదు. బతికుంటే బతికున్నాదని సెప్పు, పోతే పోనాదని సెప్పు. రోజూ ఆ గొణుగుడు ఇంతావు గదా, నువ్వే తేల్సాల."

అంతవరకూ నా చైనా అంటే సరిహద్దు తగాదా, మాస్కోతో సిద్ధాంతాల కొట్లాట, ఎవరు ఎవరి పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారనే లెక్క. టీకొట్టు పెట్టుకున్న ఒక తల్లి ప్రాణంతో ఉందా లేదా అని నా వ్యాసాల్లో ఏనాడూ ప్రశ్న రాలేదు. రేడియోలో చెప్తారేమో విందాం అన్నాను.

ఆ వారంలోనే కోడలు స్టేషన్లో కనపడవలసిన రోజు వచ్చింది. పని చూసుకుని అత్తాకోడళ్ళిద్దరూ అరుగు ఎక్కారు. కోడలి మొహం పీక్కుపోయింది. ఎండ తగ్గగానే రేడియో పెట్టాను. పరిస్థితి అదుపులో ఉందని రంగూన్ అంది. వార్తలు అందవలసి ఉందని లండన్ అంది. చనిపోయినవాళ్ళు వీరులని, హంతకులకు శిక్ష తప్పదని పెకింగ్ అంది. ఒక్కొక్కటే తెలుగు చేసి చెప్తుంటే కోడలు తల ఊపుతూ కూర్చుంది.

"ఇది సైనా రేడియోయేనా బాబూ? మరి ఇంగ్లీసులో మాటాడతన్నారేల?" అని అడిగింది.

నిజమే కదా అని ముల్లు తిప్పి చైనా భాషలో వస్తున్న ప్రసారం పట్టాను. ఆవిడ గభాలున జరిగి రేడియోకు చెవి ఆనించింది. సొంత మాట వింటే ప్రాణం లేచి వస్తుంది కదా అని నేనూ ఆశగా చూశాను. కాసేపటికి మెల్లగా వెనక్కి జరిగింది.

"ఇది మా మాట కాదు బాబూ."

"చైనా భాషే కదా?"

"సైనాయే గానీ మాది కాదు. మా యమ్మ ఇలగ మాటాడదు."

పాతపట్నం సంతలో ఒడియావాళ్ళ మధ్య నిలబడితే నాకు అక్కడొక మాట ఇక్కడొక మాట అందినట్టు ఆవిడకూ అందిందట, అంతే. చైనా అంటే ఒకటే మాట, ఒకటే గొంతు అన్నట్టు వారం వారం వ్యాసాలు దంచుతున్న నాకు అది కొత్త సంగతి. కానీ ఆ నిమిషాన దాని గురించి ఆలోచించే స్థితి లేదు. ఆవిడ రేడియో పక్కనే మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడుస్తోంది, అప్ప ఆవిడ వీపు నిమురుతూ నా రేడియోను కసిగా చూస్తోంది. మరుసటి నెల వాళ్ళు వచ్చేటప్పటికి, గాలించి గాలించి, ఆవిడ మాటలోనే వచ్చే ప్రసారం కూడా ఒకటి పట్టాను. శ్రద్ధగా విని, "ఈల్లూ వీరులనే అంతన్నారు. మా యమ్మ టీ అమ్మీది బాబూ" అంది.

రేడియోతో అయ్యే పని కాదని అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది. రేడియో కట్టేసి, మీ అమ్మ కొట్టు ఎక్కడుండేదో చెప్పమన్నాను. చెప్పడం మొదలుపెట్టాక ఆవిడకు ప్రాణం వచ్చింది. రేవు గేటు పక్కన, బియ్యం గోదాముల ఎదురుగా. ఆవిరి మీద ఉడికిన రొట్టెలు, టీ. మూటలు దించి వచ్చే తెలుగు కూలీలంతా అక్కడే. వాళ్ళు ఆవిడను టీ అమ్మ అని పిలిచేవాళ్ళు. తన మొగుణ్ణి మొదట చూసింది కూడా ఆ కొట్టు ముందు బల్ల మీదే. "ఒకటి తాగీసి మల్లీ ఒకటి అడిగీవోడు. అంత టీ ఎవులికి కావాల?" అని ఎన్నో రోజుల తర్వాత కాస్త నవ్వింది. అప్ప కూడా నవ్వబోయి ఆగిపోయింది.

తెలుగు కూలీలు అనగానే నాకు ఓడ గుర్తొచ్చింది. కాందిశీకులు ఇంకా వస్తూనే ఉన్నారు. రేవులో పని చేసినవాడు ఒక్కడు దిగినా ఆవిడను ఎరిగినవాడే అయ్యుంటాడు. పల్లె పెద్దలకు ఆ మాటే చెప్పాను, ఓడ వచ్చేదాకా ఆ పిల్లను బలవంతపెట్టవద్దన్నాను. వాళ్ళు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. అసలు బలవంతపెట్టే ఉద్దేశం వాళ్ళకు మొదటి రోజు నుంచే లేదు, మంచి చేస్తున్నాం అనుకుని చేశారు. కొడుకు మాత్రం వల ముట్టకుండా ఉప్పు మడుల్లో కూలికి వెళ్ళాడు. ఓడ వచ్చిందని శ్రావణంలో కబురు తెలిసింది.

కోడలు విశాఖపట్నం రావడానికి అనుమతి దొరకలేదు. స్టేషన్లో ఇనస్పెక్టరు మంచివాడే. పై నుంచి ఆర్డరు రావాలి, అది వచ్చేలోగా ఓడలో వాళ్ళంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు అని బాధపడ్డాడు. కొడుకు వెళ్తానన్నాడు గానీ ఒంటరిగా ఉండలేనని కోడలు అతని చెయ్యి వదల్లేదు. ఇక అప్పే బయల్దేరింది. ఆమదాలవలసలో తెల్లవారుజామున ఇద్దరం పాసింజరు ఎక్కాం. విజయనగరం స్టేషన్లో బండి చాలాసేపు నిలబడిపోయింది. అప్ప దిగి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చి కూర్చుని, "పోనాదని తెలిస్తే నువ్వు సెప్పకు. నాను సెప్తాను" అంది. వాల్తేరులో దిగి రేవుకు వెళ్ళాం.

రేవు దగ్గర రేకుల షెడ్లలో కాందిశీకులను ఉంచారు. పెట్టెలు, చాపలు, ముసలివాళ్ళు, ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన పిల్లలు. నేను కాగితం, పెన్సిలు తీసి ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళి రంగూన్‌లో పరిస్థితి ఎలా ఉందని అడిగాను. సానా మందిని సంపీసినారు బాబూ అనేవారు. ఎంతమందిని అంటే బిత్తరపోయేవారు. నా ప్రశ్నలకు నాకు రేడియో చెప్పే జవాబులే వస్తున్నాయి. అప్ప కాసేపు ఓర్చుకుని, నన్ను పక్కకు నెట్టి, షెడ్డు మధ్యలో నిలబడి, వీధి చివరి ఇంటికి వినపడేలా చేపలమ్మే గొంతుతో అరిచింది.

"ఒరే, రేవు గేటు కాడ టీ తాగినోలెవుల్రా? బియ్యం గోదాం కాడ, సైనా ముసిల్దాని కొట్లో తాగినోలెవుల్రా?"

షెడ్డులో సందడి అణిగింది. మూల నుంచి ఒక మనిషి లేచి వచ్చాడు. టెక్కలి వైపు పల్లెవాడట, నడివయసు దాటింది, భుజాల మీద మూటల కాయలు. "టీ అమ్మ కాడా?" అన్నాడు. ఆ ఒక్క మాటకు అప్ప అతని ఎదురుగా నేల మీద కూర్చుండిపోయింది. తన కోడలు ఆ టీ అమ్మ కూతురని చెప్పింది. అతను కూడా కూర్చున్నాడు. చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు ఒకసారి చూసి, చెప్పాడు.

గొడవ మొదలైన రోజున కొట్టు మీద పడ్డారట. ముసలావిడ గోదాముల సందుల్లోంచి పరుగెత్తి తెలుగు కూలీలు కాపురముండే లైన్లలోకి వచ్చింది. వీళ్ళు ఆవిడను లోపల దాచి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. వచ్చినవాళ్ళు తిట్టి, రాళ్ళు విసిరి వెళ్ళిపోయారు. కానీ ఆవిడకు అంతకుముందే తల మీద దెబ్బ తగిలి ఉంది.

"మర్నాటి దాకా పేనముందమ్మా. మాతోటి మన మాటే మాటాడినాది. మా పిల్ల మీ ఊర్లో కూడు తింతన్నాదా అని అడిగినాది. తింతన్నాదమ్మా అని సెప్పినాం" అన్నాడు. తప్పు చేసినవాడిలా గొంతు తగ్గించాడు. "ఆల్లోల్లు భయానికి వీదిలోకి రానేకపోనారు. మేవే కడిగినాం, మేవే మోసినాం. ఆల్ల పద్దతేటో మాకు తెల్దు. మన పద్దతే సేసినాం. తప్పైతే ఆ పిల్లకి సెప్పి మన్నించమనమ్మా."

"ఆయమ్మ తల మీద నీల్లోసినారా?" అంది అప్ప.

"పోసినాం."

అప్ప లేచింది. అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్ళకు అద్దుకుని, వెనక్కి చూడకుండా నడవడం మొదలుపెట్టింది. నేను వెనక పరుగెత్తాను. సముద్రం దాకా ఆగలేదు. ఒడ్డున ముడి విప్పి జుట్టు వదిలేసి, కట్టుకోకతోనే అలల్లోకి దిగి మునిగి లేచింది. ఏడుపు అప్పుడు వచ్చింది ఆవిడకు. నీళ్ళలో నిలబడి, ఎన్నడూ చూడని వియ్యపురాలిని "ఓలప్పో, ఓలప్పో" అని పిలుస్తూ ఏడ్చింది. నేను ఒడ్డున చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి నా వైపు తిరిగింది.

"నువ్వు రావేటి?"

"నేనెందుకు అప్పా?"

"ఇన్నావు గదా. రోజూ ఆ డబ్బాలో ఇన్ని సావులు ఇంతావు. ఒక్కసారైనా తల తడిసిందేటి?"

చెప్పులు ఇసుకలో వదిలేసి, చొక్కాతో, ప్యాంటుతో నీళ్ళలోకి దిగాను. ఒక పెద్ద అల వచ్చి నన్ను పడేసింది. అప్ప జబ్బ పట్టుకుని లేపింది.

ఒళ్ళు ఆరకముందే పోస్టాఫీసుకు వెళ్ళి పత్రికకు ట్రంకాల్ చేశాను. రంగూన్ వార్త ఉందన్నాను. ఎంతమంది అన్నారు. ఒక ముసలావిడ అన్నాను. లైను తెగిపోయింది. వాళ్ళే పెట్టేశారో, నిజంగానే తెగిందో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత నా బతుకంతా ఆ ఎంతమంది అనే ప్రశ్నతోనే గడిచింది. హాంకాంగ్‌లో ఉన్నాను, పెకింగ్ చాలాసార్లు వెళ్ళాను, వరదలు, భూకంపాలు, తిరుగుబాట్లు రాశాను. విన్న ప్రతి చావుకూ తల తడుపుకున్నానని అబద్ధం చెప్పను. కానీ అంకె చేతికి రాగానే అది ఏ వీధిలోది, ఆ వీధిలో ఎవరు ఏం అమ్ముకునేవారు అని అడగందే పంపేవాణ్ణి కాదు. దానివల్ల నా వార్తలు ఎప్పుడూ ఆలస్యమే. నా మీద విసుక్కోని సంపాదకుడు లేడు. విసుక్కోనీ.

తిరుగు బండిలో జనం కిక్కిరిసి ఉన్నారు. తడి కోక, విరబోసిన జుట్టు చూడగానే అందరికీ సంగతి తెలిసిపోయింది. ఒక ముత్తయిదువ తన పిల్లను ఒళ్ళోకి లాక్కుని అప్పకు చోటిచ్చింది. శ్రీకాకుళం చేరేసరికి కోక ఆరి, ఉప్పు చారలు కట్టింది. కళింగపట్నం బస్సులో, పల్లె దగ్గరపడుతుంటే, నేను ఉండబట్టలేక జుట్టు ముడి వేసుకో అప్పా, నిన్ను చూడగానే ఆ పిల్లకు తెలిసిపోతుంది అన్నాను.

"తెల్డానికే గదా ఇలగ ఒగ్గీసినాను" అంది. "నాను సెప్తానని అన్నానే గానీ, నోటితో సెప్పడం నావల్ల కాదు బాబూ."

ఇంకా పొద్దు ఉంది. బస్సు ఆగేచోట కోడలు, కొడుకు నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక పల్లె ఆడవాళ్ళు కొందరు ఉన్నారు. ముందు నేను దిగాను, నన్ను ఆవిడ చూడనే లేదు. అప్ప దిగింది. కోడలు కదలకుండా అత్త జుట్టు వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత దగ్గరకు వచ్చి, ఆ జుట్టు పాయ ఒకటి చేతిలోకి తీసుకుని, ఉప్పుతో బిరుసెక్కిన కొసలు వేళ్ళతో నలిపింది.

"నువ్వు ముందే పోసీసుకున్నావేటి అత్తా?"

"ఇన్నకాడే పోసుకోవాల గదే."

కోడలు పెదవులు బిగపట్టుకుంది. అందరం ఏడుపు కోసం ఎదురు చూస్తున్నాం. ఆవిడ ఏడవలేదు. ఒక్క మాట అడిగింది.

"ఎవులు మోసినారు?"

"మనోల్లే మోసినారే" అంది అప్ప.

"మనోల్లంటే?"

"మనోల్లంటే మనోల్లే. రేవోల్లు. మీ యమ్మ సేతి టీ తాగినోల్లు."

కోడలు నా వైపు తిరిగింది. పేపర్లో పడ్డది నమ్మని మనిషి, మూడు దేశాల రేడియోలు విని కూడా నమ్మని మనిషి, ఈసారి నన్ను అడిగింది.

"నిజమా బాబూ?"

"నిజమేనమ్మా. మోసినవాడే చెప్పాడు. నేను విన్నాను."

నా తల వైపు, ముడతలు పడి ఉప్పు కట్టిన నా చొక్కా వైపు చూసింది. అప్పుడు జుట్టు ముడి విప్పుకుని సముద్రం వైపు నడిచింది. ఆ రోజు బిందెలు తెచ్చి భంగపడ్డ ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు జుట్టు విప్పుకుంటూ ఆవిడ వెనక వెళ్ళారు. ఆ సాయంత్రం సముద్రం పోటు మీద ఉంది. చుట్టూ చేతులు చేతులు పట్టుకుని ఆవిడను మధ్యలో నిలబెట్టి, అల వచ్చినప్పుడల్లా అందరూ కలిసి మునిగి లేచారు. మగవాళ్ళు పడవల దగ్గర తలపాగాలు తీసి నిలబడ్డారు.

మైల ఆ ఒక్క ఇంటికే. అయినా మర్నాడు ఆ పల్లె నుంచి సముద్రం మీదకు ఒక్క పడవా కదల్లేదు.